కరెంట్ తీసిన్రా?

నా చిన్నకొడుకు ఇండ్లల్ల వైరింగు పని చేస్తుండె. బాన్సువాడల కొత్తగ ఇల్లు లేచిన ప్రతి గల్లీల వాని చెయ్యి పడ్డది. గోడల ఏ పైపు ఎటు పోయిందో, ఏ బోర్డు వెనక ఏ తీగ ఉన్నదో ఇంటోళ్ల కంటె వానికే ఎక్కువ ఎరుక. వాని కుడిచెయ్యి గురించి రాస్తున్న. నేను బడికి పోయింది కొన్ని దినాలె. అక్షరం అక్షరం కూడబెట్టుకొని రాస్తున్న, తప్పులుంటె సదురుకొని చదువుండ్రి.

పొద్దుగూకి ఇంటికొచ్చి, కాళ్లు చేతులు కడుక్కొని కూసున్నంక వాడు ఆనాటి ముచ్చట్లు చెప్తుండె. "ఇయ్యాల గుంజిందే అవ్వా" అని మొదలుపెడుతుండె. వాని లెక్కన కరెంటు కొట్టదు, గుంజుతది. ఒకపారి ఎవరింట్లనో స్విచ్చి బందు చేసి బల్బు హోల్డరు విప్పిండట. ఆ ఇంటికి ముందుగాల వైరింగు చేసినోడెవడో తీగలు ఉల్టా కలిపిండు. స్విచ్చి బందు పెట్టినా హోల్డరుల కరెంటు ఉండనే ఉన్నది. ముట్టంగనె గుంజింది, నిచ్చెన మీద నుంచి ఎగిరి కింద వడ్ల బస్తాల మీద పడ్డడు.

"బస్తాలు లేకపోతె ఏమయ్యేదిరా?" అన్న నేను.

"ఏమైతది, నీకు గీ ముచ్చట చెప్పేటోడు లేకపోవు" అని కోడలి దిక్కు చూసి నవ్విండు.

కోడలు చేతుల గంటె పైకి లేపింది. "ఇంకోపారి గిట్ల నవ్వుకుంట చెప్పు, నీ ఈపుల నేనే గుంజుత."

నవ్వినం గని నాకు ఆ రాత్రి బువ్వ సయించలేదు. పిట్లంల ఒక ఇంట్ల గూడ అంతే. మెయిన్ బందు చేసిండు, మెట్ల కింద ఇన్వర్టరు ఉన్న సంగతి ఇంటోళ్లు చెప్పలేదు. ఇంటి కరెంటు ఆగింది, బ్యాటరీ కరెంటు తీగలల్లకు వచ్చింది. మోచెయ్యి దాక తిమ్మిరెక్కి రెండు దినాలు గిలాస పట్టుకోలేదు.

వాడు ఒళ్లు తెలువకుంట పనిచేసేటోడు కాదు. రబ్బరు చెప్పులు ఇడవకపోవు. కట్టెపీట లేనిది నిలబడకపోవు. ఎడమచెయ్యి ఎప్పుడూ ప్యాంటు వెనక జేబులనే పెట్టుకుంటుండె. ఎందుకురా, దొరబిడ్డ లెక్క, అని అడిగిన. రెండు చేతులు పెడితె కరెంటు ఒక చేతికెళ్లి ఎక్కి గుండె మీదికెళ్లి ఇంకో చేతికి దిగుతదట, ఒక్క చెయ్యి పెడితె జర బచాయించవచ్చట. పాత ఇండ్లల్లనైతె తెల్ల పింగాణి ఫ్యూజులు పీకి అంగీ జేబుల ఏస్కొనే పని షురూ చేస్తుండె. ఫ్యూజు తన జేబుల ఉంటె ఇంకెవ్వరు కరెంటు పెట్టలేరని. ఒక దినం మధ్యాహ్నం బువ్వకు ఇంటికొచ్చిండు, ఫ్యూజులు జేబులనే ఉన్నయి. ఆ ఇంటాయన చెమటలు కార్చుకుంట మా వాకిట్లకొచ్చిండు. "అవ్వా, మా కరెంటంత నీ కొడుకు జేబుల ఉన్నది, జర ఇప్పియ్యి!"

నేను బట్టలారేసే దండెం గూడ వాడే మార్చిండు. ఇనుప తీగ గట్టిగ ఉండె, ఏండ్లు గడిచినా తుప్పు పట్టలేదు. అది తెంపి పడేసి నైలాన్ తాడు కట్టిండు. మంచి తీగను పాడు జేస్తవా అని లడాయి పెట్టుకున్న. "పైన స్తంభం నుంచి ఇంటికొచ్చే సర్వీసు తీగ పోతుందే, అది తెగి దీని మీద పడితె తడి చీర ముట్టుకున్న నువ్వు ఉంటవా?" అన్నడు. ఆ ఇనుప తీగతోని బీరపాదుకు పందిరి కట్టిచ్చిన.

ఇప్పటి ఇండ్లల్ల ఆ తెల్ల ఫ్యూజులు లేవు. డబ్బల నల్ల బటన్లు వరుసగ ఉంటున్నయి. కిందికి కొడితె బందు, మీదికి కొడితె మల్ల వస్తది. జేబుల ఏస్కపోయేటందుకు ఏం లేదు. ఎవరన్న బందు చేసిన్రా లేదా అని నోటితోని అడిగి తెలుసుకోవాలె.

యాసంగి వరికోతల కాలం. రెండంతస్తుల కొత్తిల్లు. మీది స్నానాల గదిల గీజరు తీగ మాడిపోయిందని పిలిచిన్రు. వీడు ఇంటాయనను అడిగిండు, "అన్నా, కిందికి పోయి మెయిన్ బందు చెయ్యి" అని. చేస్త అని ఆయన మెట్లు దిగిండు. దిగంగనె ఫోనొచ్చింది, కోత మిషిను పొలం కాడికి వచ్చి నిలబడ్డదట. ఫోను చెవుల పెట్టుకొనే బండెక్కి పోయిండు. మెయిన్ సంగతి మరిసిండు. గదే టైముకు గాలి దుమారం లేసింది, లైను మీద కరెంటు బందు చేసిన్రు. మీది గదిల తిరుగుతున్న ఫ్యాను ఆగింది. ఇంటాయన మెయిన్ బందు చేసిండనే వీడనుకున్నడు. అయినా ఊకోలేదు, మెట్ల కాడికొచ్చి కిందికి కేకేసిండు.

"అక్కా! కరెంట్ తీసిన్రా?"

ఇంటామె వంటింట్ల మిక్సీల చట్నీ పడుతున్నది. మిక్సీ గప్పుడే ఆగిపోయింది.

"ఆ, తీసిన్రు తమ్మీ, ఇప్పుడే తీసిన్రు!"

మా దిక్కు కరెంటు పోతె 'తీసిన్రు' అంటం. ఎవరు తీసిన్రో ఎవరడుగుతరు. కరెంటోళ్లే తీస్తరు. వాడు అడిగింది మీ ఇంటోళ్లు మెయిన్ తీసిన్రా అని. ఆమె చెప్పింది కరెంటోళ్లు తీసిన్రని. ఇద్దరిది ఒక్కటే మాట. వాడు తప్పు అడగలేదు, ఆమె అబద్ధం చెప్పలేదు.

టెస్టరు గూడ పెట్టి చూసిండు. ఎలగలేదు. ఎట్ల ఎలుగుతది, ఊరంతట కరెంటు లేకపాయె. ఎడమచెయ్యి జేబుల పెట్టి, రెండు తీగల కొసలు కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు నడుమ పట్టుకున్నడు. అప్పుడు కరెంటొచ్చింది.

కింద మిక్సీ దానంతట అది గిర్రున తిరిగింది. ఇంటామె దాన్ని బందు చేసేటందుకు చెయ్యి చాపంగ మీది గదిల పీట పడ్డ సప్పుడైంది. "తమ్మీ, తమ్మీ" అని పిలిచింది. పలకలేదు. సగం మెట్లెక్కి చూసింది. వాడు గోడకు అతుక్కొని ఉన్నడట, వేళ్లు తీగను ఇడుస్త లేవట. ఆమె వాన్ని ముట్టలేదు. ఎనకకు మర్లి ఉరికొచ్చి డబ్బల ఉన్న బటన్లన్నీ కిందికి గుంజింది. ముట్టుకుంటె ఆమె గూడ పోతుండె అని తరువాత అందరన్నరు.

బాన్సువాడ దవాఖానల చూసి నిజామాబాద్ తీస్కపొమ్మన్నరు. నేను నిజామాబాద్ పోయేసరికి మంచం మీద కూసొనే ఉన్నడు. వేళ్ల మీద ఇంతింత తెల్లటి మచ్చలు, బొట్టుబిళ్లంత. గింతేనా అని నాకు పానం కుదుటపడ్డది. "ఎడమచెయ్యి జేబుల ఉన్నది గదనే, గుండెకెక్కలేదు" అని వాడే నాకు ధైర్యం చెప్పిండు. డాక్టరు సారు మాత్రం నవ్వలేదు. పైకి చిన్నగనే ఉంటదమ్మా, లోపల కాలింది, చూడాలె అన్నడు. రోజులు గడుస్తుంటె ఆ మచ్చల సుట్టూత నలుపు తిరిగింది. నలుపు బొటనవేలి మొదలు దాక దిగింది.

అప్పుడొచ్చింది ఆ ఇంటామె. తలుపు కాడనే నిలబడ్డది, లోపలికి రాలేదు. నేను శాపనార్థాలు పెడతననుకున్నదో ఏమో. "నేను అబద్ధం చెప్పలేదవ్వా. నిజంగనే తీసిన్రు" అని ఏడ్చింది. ఏమనాలె? వాన్ని చంపబోయిన మాట ఆమెదే, వాన్ని బతికిచ్చిన చెయ్యి ఆమెదే. "కూసో" అని మంచం కాళ్ల దిక్కు జరిగిన. వాడే అన్నడు, "నువ్వెందుకక్కా ఏడుస్తవు. నేను అడుగుడే సరిగ అడగలేదు." ఆమె తెచ్చిన బత్తాయిలు ఒలిచి వాని బిడ్డకు, నా మనుమరాలికి పెట్టిన. పాడు జేసుడెందుకు.

రెండు వేళ్లు తీసెయ్యాలె, లేకపోతె చెయ్యంత ఖరాబైతదని డాక్టరన్నడు. నా కొడుకు ఎన్నడు ఎవ్వరిని బతిమిలాడంగ చూడలేదు నేను. ఆనాడు బతిమిలాడిండు.

"చూపుడువేలు తీసుకోండ్రి సారూ. బొటనవేలు ఒక్కటి ఉంచుండ్రి. ప్లాసు పట్టుకోవాలె నేను."

"ఉంచేటట్టుంటె ఉంచనా?" అన్నడు సారు.

లోపలికి తీస్కపోయినంక కోడలు, నేను బయట బల్ల మీద కూసున్నం. చాన సేపటికి నర్సమ్మ తలుపు తెరిచింది. "తీసిన్రవ్వా" అన్నది. రెండా, ఒక్కటా అని కోడలు అడిగింది. రెండు అన్నది.

ఇప్పుడు వాడు ఇంటికాడనే ఉంటుండు. ఫోన్లు మాత్రం ఆగలేదు. అన్నా మోటరు నడుస్త లేదు, అన్నా బోర్డుల మెరుపులొస్తున్నయి అని. తనతోని పనిచేసినోళ్లకు ఫోన్లనే చెప్తడు, అది విప్పు, ఇది చూడు అని. అన్నిటికంటె ముందుగాల ఒకటే అడుగుతడు. "కరెంటు ఎవరు తీసిన్రు? నువ్వు నీ చేత్తోని బటను కొట్టినవా? కొట్టినంక ఆ డబ్బ కాడ మనిషిని నిలబెట్టినవా?" అవుతలోడు ఇసుక్కుంటె మావోడు ఫోను పెట్టేస్తడు, ఆడు బటను కొట్టొచ్చి మల్ల చేస్తెనే మిగిలింది చెప్తడు.

ఒకనాడు పొద్దుగాల సామాన్ల సంచి ముందటేసుకొని ప్లాసు తీసిండు. మిగిలిన మూడు వేళ్లతోని పట్టిండు. మూస్తె మూసుకుంటున్నది గని బలం లేదు, ఒక చిన్న తీగ గూడ తెగలేదు. ఎడమచేత్తోని పట్టిండు. అది ఎటో వంకర పోయింది. చాన సేపు కుస్తీ పట్టి, సంచి జిప్పు పండ్లతోని గుంజి మూసిండు. ఎవ్వరికన్న ఇచ్చెయ్యే, తుప్పు పడతది అన్నడు. పనికొచ్చే సామాను ఊకె పెట్టుడు నాకు గూడ నచ్చదు. అయినా ఇయ్యలేదు.

దవాఖానల ఉన్నన్ని దినాలు కోడలు బువ్వ కలిపి తినిపిచ్చింది. ఇంటికొచ్చినంక తన బువ్వ తనే తింటనన్నడు. పప్పు, బువ్వ కుడిచేత్తోని కలిపిండు. ముద్ద లేస్త లేదు. బొటనవేలు లేనిది ముద్ద నోట్లకు పోదు, ఆ సంగతి నాకు ఆనాడే ఎరుకైంది. మూడు వేళ్ల సందుకెళ్లి మెతుకులన్ని కంచంల రాలుతున్నయి. మనుమరాలు కండ్లు పెద్దగ చేసి చూస్తున్నది. వాడు చెయ్యి కంచంల పెట్టి అట్లనే కూసున్నడు. తరువాత ఎడమచెయ్యి మెల్లగ కంచం దిక్కు తెచ్చి, నా మొకం చూసిండు.

నా ఇంట్ల ఇన్నేండ్లల్ల ఎవ్వరు ఎడమచేత్తోని బువ్వ ముట్టలేదు. ముట్టనియ్యలేదు నేను. చిన్నగున్నప్పుడు వీనికే ఆ చేతి మీద ఎన్ని దెబ్బలు పడ్డయో.

"చూస్తవేందిరా, సల్లారిపోతున్నది. తిను" అన్న.

తిన్నడు. నేను ఇంకింత పప్పు ఏసిన.