గంప అడగని ఇల్లు

పాలమూరు నుంచి బావులు తవ్వడానికి వచ్చిన దేవప్ప నారాయణఖేడ్‌లో మా వాడ చివర పదకొండేళ్లు ఉన్నాడు. తొమ్మిది బావులు తవ్వాడు. తొమ్మిదింటిలోనూ నీళ్లు పడ్డాయి. పాలమూరోళ్లు దొంగలని మా పెద్దలు అతను రాకముందే తేల్చి ఉంచారు. విచారణ లేదు కాబట్టి ఆ తీర్పులో పొరపాటుకు తావు లేకపోయింది. కోడి కనబడకపోతే ముందు దేవప్ప గుడిసె వెతికేవారు. కోడి తనంతట తానే ఇల్లు చేరితే, పాలమూరోడు భయపడి వదిలేశాడనేవారు. అతను విసుక్కోలేదు. తలారి రాగానే సామాను తానే బయట పెట్టి, వెతికేవాళ్ల తలకు తగలకుండా తడిక ఎత్తి పట్టుకునేవాడు.

అతనికి ఒక్కటే కోరిక. విలువైన వస్తువు పోతే, దొంగ పరువు పోకుండా సొమ్ము రాబట్టడానికి మాకొక ఆచారం ఉండేది. ఇంటికొకరు, ఎక్కువగా ఆడవాళ్లే, గంపెడు మట్టి తెచ్చి, చావడి చీకటిగదిలోకి ఒంటరిగా వెళ్లి గుమ్మరించాలి. తీసినవాళ్లు సొమ్మును మట్టిలో దాచి తెస్తారు. కుప్ప జల్లిస్తే సొమ్ము దొరుకుతుంది, మనిషి దొరకడు. ఎవరి గంప అని అడగకూడదు. నలభై రెండిళ్లకు ఆ గౌరవం ఉండేది, దేవప్ప గుడిసెకు లేదు. అందరితో సమానంగా తననూ అనుమానించమని అతను రెండుసార్లు వేడుకున్నాడు. గంప ఊరోళ్లకు, నీకు సోదా ఉన్నది గద అని ఊరి పెద్ద సంగప్ప పటేల్ నవ్వాడు.

నిజాం లెక్కలో ఫసలీ పదమూడు వందల నలభై ఏడులో మా వాడ మాణిక్యప్ప భార్య ఇంద్రమ్మ బంగారు గుండ్ల దండ పోయింది. రివాజు ప్రకారం దేవప్ప గుడిసె వెతికారు. పొయ్యి కూడా పెళ్లగించారు. ఏమీ దొరకలేదు. అప్పుడు గంపలకు చాటింపు వేశారు. దేవప్ప మళ్లీ అడిగాడు. పటేల్ వద్దనడమే కాక, గంపలన్నీ అయ్యేదాకా వీడు కదలొద్దని గుడిసె ముందు తలారిని కాపలా పెట్టాడు.

పొద్దు వాలకముందే కుప్ప జల్లించారు. దండ దొరికింది.

ఇంద్రమ్మ దాన్ని కళ్లకద్దుకునేంతసేపు అందరికీ సంతోషమే. తర్వాత చావడిలో అందరికీ ఒక సంగతి తట్టింది. వాడ మొత్తంలో దొంగ కాడని రుజువైనవాడు ఒక్క దేవప్పే. ఆ రుజువును కాపలా పెట్టి మరీ సమకూర్చింది పెద్దలే. ఆడవాళ్లు ఒకరికొకరు కాస్త ఎడంగా జరిగారు.

మర్నాడు పటేల్ తానే గుడిసెకు వచ్చాడు.

"దేవప్పా, నువ్వు సుత గంప తెచ్చిననని అను. గంతే. ఠాణాకు నేనేం చెప్ప. ఇంటికి జాగ రాసిస్త. ఇగ నువ్వు ఊరోనివే."

"తెస్తనంటే వద్దంటిరి గద పటేలా."

"నిన్న వద్దన్న. గిప్పుడు తెచ్చినవనుకో."

"నేను తెచ్చిన్నంటే తీసినోళ్లకు నిద్ర వడ్తది."

"ఊరందరికి నిద్ర వడ్తదిరా." పటేల్ గొంతు తగ్గించాడు. "మా ఇంట్ల అన్నం పెడ్తుంటే, ఆడోళ్ల చేతులే చూస్తున్న."

దేవప్ప ఒప్పుకోలేదు. జాగా వద్దని, అందరినీ ఇంకోసారి గంపలు తెమ్మంటే వాటితో పాటు తనదీ తెస్తానని అన్నాడు. పటేల్‌కు చెమట పట్టింది. మళ్లీ జల్లిస్తే ఇంకెవరి సొమ్ము బయటపడుతుందో ఆయనకేం తెలుసు? కుదరదన్నాడు.

మూడోనాడు దేవప్ప, అతని భార్య సాలమ్మ గడ్డపార, గిన్నెలు మూటగట్టుకుని కంగ్టి దారి పట్టారు. పొలిమేరలో తలారి ఆ మూట విప్పించి చూశాడు. ఏమీ లేకపోవడం చూసి అతని ముఖం పాలిపోయిందని చెప్పుకున్నారు.

మరుసటేడు ఎవరివో వెండి కడియాలు పోయాయి. చాటింపు వేశారు. ఒక్క గంపా రాలేదు. ఇళ్లకు పట్టపగలే గడియలు పడ్డాయి. ఇంద్రమ్మ ఆ దండ మళ్లీ మెడలో వేయలేదు. నిప్పుకని ఎవరు వచ్చినా గడప బయటే నిలబెట్టి ఇచ్చేది. భర్తలు భార్యలను అడగలేదు, అత్తలు కోడళ్లను అడగలేదు. దండ దొరికిననాడు మా ఇంటి గంప మోసింది మా పెద్దమ్మ. ఆమె పోయేదాకా, ఆమె ఉన్నచోట మా ఇంట్లో ఎవరూ దేవప్ప పేరెత్తలేదు.