పువ్వు పంపని నేత్రావతి

నేత్రావతి బళ్ళారిలో డిజిటల్ సంస్కృతి మీద ఎం.ఏ. చదువుతోంది. బంధువుల వాట్సాప్ గ్రూపులో పొద్దున్నే వచ్చే గుడ్ మార్నింగ్ పువ్వులే ఆమె పరిశోధన. నెలరోజులు తాను పలక్కుండా గమనించాలి. ఒక్కసారి బదులిచ్చినా శ్రమంతా వృథా. బొటనవేలిని పిడికిట్లో దాచుకుని, పెదవి కొరుక్కుంటూ నోటుబుక్కులో పువ్వుకో గీత గీసేది. ఇంకొక్క రోజు ఉందనగా మేనత్త ఉచ్చెంగమ్మ కంప్లి బస్సు దిగి నేరుగా ఆమె గదికొచ్చేసింది.

“ఏమే, అలిగితివా? నెల్నాళ్ళాయ, ఒక్క పువ్వన్నా పంపలే!”

“చదువు కోసం, అత్తా. పలక్కుండా చూడల్లంట.”

“చచ్చినోళ్ళు గూడా కలలోకొచ్చి పలకరిస్తారు గదే, ఇదేం చదువే తల్లీ!”

నేత్రావతి కడుపు పట్టుకుని నవ్వింది. నవ్వుతూనే గ్రూపులో గులాబీ పంపేసింది. చుట్టాలంతా ముద్దులు, దండాలు కురిపిస్తుంటే ఫోను వణికి వణికి మంచం మీద గిరగిరా తిరిగింది. ఆమె నోటుబుక్కులో పరిశోధనకు పెట్టుకున్న పాత శీర్షిక కొట్టేసి కొత్తది రాసుకుంది: ‘పలక్కపోతే బస్సెక్కి వస్తారు.’