గేటు దాకా వచ్చిన 5జీ

2023 వేసవిలో, నా పదవీ విరమణకు ఏడు నెలల ముందు, హైదరాబాద్ పాతబస్తీలో 5జీ సైట్ల అంగీకార పరీక్షలకు, అంటే పెట్టింది పనిచేస్తోందో లేదో చూసి సంతకం పెట్టే పనికి, నన్ను నియమించారు. నేను పనిచేసిన కంపెనీ పేరు అక్కర్లేదు. బిల్లు కట్టేవాళ్లకు అన్ని కంపెనీలూ ఒకటే. నా హోదా సీనియర్ మేనేజరు. అంటే కింద ఇద్దరు, పైన పదకొండు మంది.

అప్పట్లో దేశమంతటా టవర్లు పెడుతున్నాం. కొత్త టవరు సిగ్నల్ ఇవ్వడం మొదలుపెడితే మా భాషలో ‘ఆన్ ఎయిర్’ అంటాం. ఫోన్లలో సినిమా తొందరగా దిగడం ఒక్కటే కాదు, ఫ్యాక్టరీల్లో యంత్రాలను కూడా 5జీతో నడిపించవచ్చని చూపించడం పైవాళ్ల కోరిక. అందుకు మా సర్కిల్ హెడ్, అంటే రాష్ట్రం మొత్తానికి మా పెద్ద, ఎంచుకున్నది పురానాపూల్ దగ్గరి ఒక ఐసు ఫ్యాక్టరీ.

ఐసు తయారీకి అమోనియా వాడతారు. అది లీకైతే ఊపిరాడదు. కంప్రెసర్ గదిలో సెన్సర్ పెడితే, లీకు వాసన తగలగానే అది 5జీ ద్వారా కంట్రోలు కేంద్రానికి చెబుతుంది, అక్కడి నుంచి వచ్చే ఆదేశంతో కంప్రెసర్ ఆగిపోతుంది. ఇదీ పథకం. పథకంలో రెండో పేరా కూడా ఉంది. సెన్సర్ వచ్చాక ఆ గదిలో మనిషి అవసరం లేదు కాబట్టి, ఆపరేటర్ దానియేలును ఆ నెలాఖరుకు మానిపిస్తారు. పక్క హాల్లో ఐసు దిమ్మలు మోసే ఎనిమిది మంది మాత్రం యథాప్రకారం ఉంటారు.

నేను సంతకం పెడితేనే ప్రారంభోత్సవం. సర్వే రిపోర్టు నా చేతికిచ్చారు. మ్యాపులో ఫ్యాక్టరీ అంతా పచ్చగా ఉంది, గోరింటాకు పెట్టినట్టు. ‘కవర్డ్’ అని రాసి ఉంది. సంతకం పెట్టడానికి ఏసీ గది దాటక్కర్లేదు. అయినా వెళ్లాను. ముప్ఫై ఏళ్ల అలవాటు, సద్గుణమేమీ కాదు.

కంప్రెసర్ గదిలోకి అడుగుపెట్టి టెస్ట్ ఫోను చూస్తే సిగ్నల్ సున్నా. ఫోను పాడైందేమోనని రెండోది తీశాను. అదీ సున్నాయే. ఆ గది నిజాం కాలపు గోదాము. డంగు సున్నం గోడలు, కిటికీలో మనిషి పడుకునేంత మందం.

దానియేలు కంప్రెసర్ మీద చెయ్యి పెట్టి, నా అవస్థ కాసేపు చూశాడు.

“సార్, లోపల ఫోను ఎప్పుడొచ్చింది గనక? ఇంట్లకెల్లి ఫోనొస్తదనుకుంటే నేనే గేటు కాడికి పోయి నిలబడత.”

సర్వేవాళ్లకు ఈ సంగతి చెప్పలేదా అని అడిగాను.

“అడిగితే గద సార్ చెప్పుడు? వాళ్లు కారు దిగలే.”

కారు గల్లీలో పట్టదు. పెద్ద రోడ్డు మీద కొలిచి వెళ్లిపోయారు. లోపలి సిగ్నల్‌ను మా సాఫ్ట్‌వేరు లెక్కగడుతుంది. గోడ రకం ఎంచుకుంటే బయటి సిగ్నల్‌లోంచి కొంత తీసేస్తుంది. ఆ జాబితాలో అద్దం, ఇటుక, కాంక్రీటు, ‘ఇతరాలు’ ఉన్నాయి. డంగు సున్నం లేదు. ‘ఇతరాలు’ నొక్కితే కారణం రాయాలి. సర్వే కుర్రవాడు ఇటుక నొక్కాడు. నాకు ఒళ్లు మండింది. ఆ జాబితా తయారుచేసిన కమిటీలో నేనూ ఉన్నానని గుర్తొచ్చాక ఇంకా మండింది. ఆ రోజు సమోసాలు బాగున్నాయి, మీటింగు త్వరగా ముగిసింది.

అప్పటికే ఆ గదిలో బిగించిన సెన్సర్ దగ్గర పరీక్ష గ్యాసు వదిలించాను. కంప్రెసర్ ఆగలేదు. దానియేలు చేత్తో ఆపాడు.

‘ఫెయిల్’ అని రాసి పంపాను. సర్కిల్ హెడ్ ఫోను చేసి, కవర్డ్ అన్న మాటలో లోపలా బయటా అని ఎక్కడా లేదుగదా అని మర్యాదగానే అడిగారు. గొడుగు కూడా ఇంటి బయటే కవర్ చేస్తుందని, నేనూ మర్యాదగానే చెప్పాను. మర్నాటికి ఆ సైటు ఇంకొకరికి బదిలీ అయింది.

ఆ కొత్తాయన పరిష్కారం సులువైనది. సెన్సర్‌ను విప్పించి, సిగ్నల్ నిండుగా ఉన్న చోట బిగించారు. అంటే గేటు పక్కన, వాచ్‌మన్ గదిలో. పరీక్ష పాసైంది. రిబ్బను కత్తిరించారు. ఫొటోలో, ‘ఆన్ ఎయిర్’ అన్న బ్యానరు కింద, అందరూ నవ్వుతున్నారు.

“ఇగ వాచ్‌మన్‌కు అమోనియా ఫికర్ లేదు సార్,” అన్నాడు దానియేలు. “ఆన్ ఎయిర్ అంటే గాల్లనే ఉన్నదన్నట్టు. జమీన్ మీదికి ఎప్పుడొస్తది?”

అతని నెల ఇంకా తొమ్మిది రోజులుంది. నేను నా ఫెయిల్ కాగితం నకలు పట్టుకుని యజమాని గోవర్ధన్ సేటు దగ్గరికి వెళ్లాను. కంపెనీ రూల్సు ప్రకారం అది తప్పు. కాగితం ఇంగ్లీషులో ఉంది, తెలుగులో చదివి వినిపించాను.

“గట్లయితే మీవోళ్లిచ్చిన గీ పచ్చ నక్షా ఏంది సాబ్?”

“అది మీ గేటు బయటి రోడ్డు, సేటూ.”

“మరి రోడ్డు మీద అమోనియా లీకైతే?”

“వెంటనే తెలుస్తుంది.”

సేటు నక్షాను మడతపెట్టి పక్కన పడేశాడు. తర్వాత మా కంపెనీ గురించి, మా పెద్దల గురించి ఉర్దూలో ఏదో అన్నాడు, అనువాదానికి లొంగదు. చివరికి లోపలికి కేకేశాడు: “దానియేలూ, యాడికీ పోవద్దు నువ్వు. అరే, సంతోష్‌నగర్‌ల నీ తమ్మునికి గూడ జెప్పు, నీకోసం యేరే నౌకరీ చూడొద్దని.”

నాకు హెచ్చరిక లేఖ వచ్చింది. అదీ పచ్చ కవరులోనే. మిగిలిన నెలల్లో ఆఫీసులో కూర్చుని, పదకొండు మంది ఆమోదాలు సంపాదించి, గోడల జాబితాలో డంగు సున్నం చేర్పించాను. నా హయాంలో 5జీకి జరిగిన అభివృద్ధి అదే. సెన్సర్ మాత్రం, నేను రిటైరైన రోజుకు, వాచ్‌మన్‌నే కాపాడుతోంది.

కవరేజ్ ఉందని ఎవరైనా చెబితే, ఎంత ఉందని అడగకూడదు. ఎక్కడ నిలబడి కొలిచారని అడగాలి. ఆ గదిలో రోజూ నిలబడే మనిషిని ముందే అడిగితే, కొలిచే పని కూడా తప్పుతుంది.