రెండు డయాలసిస్‌ల మధ్య సముద్రం

కర్దనూర్ బాలరాజ్‌కు నలభై రెండేళ్లు. పంతొమ్మిదో ఏట పటాన్‌చెరు దగ్గర ఒక రసాయనాల కంపెనీలో చేరి, ఇరవై ఏళ్లకు పైగా బాయిలర్ ముందు నిలబడ్డాడు. ఆ వేడికి షిఫ్టుకు నాలుగైదు సీసాల నీళ్లు తాగేవాడు. ఎత్తిన సీసా ఖాళీ అయ్యేదాకా దించేవాడు కాదు. రెండేళ్ల కిందట కాళ్లు ఉబ్బి, మెట్లెక్కితే ఆయాసం వస్తోందని ఆసుపత్రికి పోతే, రెండు కిడ్నీలూ పోయాయన్నారు. అప్పటినుంచి సోమ, బుధ, శుక్రవారాలు డయాలసిస్. రోజుకు ముప్పావు లీటరుకు మించి నీళ్లు తాగకూడదు. చాయ్, చారు, బిళ్ల మింగే గుక్క, అన్నీ అందులోనే.

కిడ్నీ ఇద్దామంటే భార్య ప్రేమలత రక్తం గ్రూపు కలవలేదు. తల్లికి షుగర్. తమ్ముడు శ్రీశైలానిది కలిసింది. గోదాములో ఫోర్క్‌లిఫ్ట్ నడిపే శ్రీశైలం ఎవరూ అడగకముందే తన కిడ్నీ ఇస్తానన్నాడు. పరీక్షలన్నీ అయ్యాయి. వచ్చే నెల ఆపరేషన్ అనుకున్నారు. ఆ లోపల ఈ ప్రయాణం పెట్టిందీ శ్రీశైలమే. బాలరాజ్ కూతురు హర్షిణి నాలుగో తరగతి. అండమాన్‌లో ఒక దీవి మీద జింకలు మనుషుల చేతుల్లోంచి తింటున్న వీడియో చూసినప్పటినుంచీ ఇంట్లో అదే మాట. శుక్రవారం డయాలసిస్ చేయించుకుని, శనివారం విమానమెక్కి, ఆదివారం పడవలో తిరిగి, సోమవారం దిగగానే మళ్లీ డయాలసిస్‌కు పోయేలా తమ్ముడే అంతా కుదిర్చాడు. అతని భార్య సత్యశ్రీకి ఆరో నెల కావడంతో ఆమె రాలేదు.

ఆదివారం పొద్దున పోర్ట్‌బ్లెయిర్‌లో పడవెక్కారు. మొదటి దీవిలో జింకలు నిజంగానే ఎదురొచ్చాయి. హర్షిణి కీర ముక్కలు పట్టుకుని ముందు ప్రేమలత వెనక దాక్కుంది, తర్వాత వాటి వెంట తనే పరుగెత్తింది. బాలరాజ్ ఒక రాతి మెట్టు మీద కూర్చున్నాడు. ఖాళీ చేతులతో ఉన్నా ఒక ఆడజింక వచ్చి అతని ఎడమ చేయి నాకడం మొదలుపెట్టింది. పడవలో పడిన ఉప్పునీటి తుంపర దానికి రుచిగా ఉన్నట్టుంది. డయాలసిస్ సూదుల కోసం ఆపరేషన్ చేసిన చేయి అది, నరం తాడులా ఉబ్బి ఎప్పుడూ అదురుతూ ఉంటుంది. హర్షిణి రెండేళ్లుగా ఆ చేతి వైపు కూర్చోదు. జింక నాకడం చూసి దగ్గరికొచ్చి, ఉబ్బు మీద ఒక వేలు పెట్టింది.

"బండి ఇంజిన్ లెక్క కొట్టుకుంటుంది డాడీ," అంది.

బాలరాజ్ నవ్వాడు. ఆపరేషన్ అయితే ఇక ఈ చేతితో పనుండదనీ, వచ్చే ఎండాకాలం నిన్ను వ్యవసాయ బావిలో ఈత నేర్చుకోవడానికి తీసుకుపోతాననీ కూతురికి చెప్పాడు. పక్కనే నిలబడ్డ శ్రీశైలం పడవ దగ్గరికి నడిచాడు.

రెండో దీవిలో తెల్లటి ఇసుక, లోతులేని నీళ్లు. ప్రేమలత చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని కూతురితో నీళ్లలో దిగింది. బాలరాజ్ చెట్టు నీడన కూర్చున్నాడు. ఎండకు నాలుక అంగిలికి అతుక్కుపోతోంది. పొద్దుట్నుంచి తాగింది మూడు గుక్కలు. శ్రీశైలం వచ్చి పక్కన కూర్చుని, చాలాసేపు ఇసుకలో గీతలు గీశాడు.

"అన్నా, నాతోని కాదే," అన్నాడు చివరికి.

బాలరాజ్‌కు అర్థమైంది. అయినా ఏంది అని అడిగాడు.

"సత్యశ్రీ రోజూ ఏడుస్తుంది. రేపు నాకేమన్న అయితే పుట్టేటి పిల్లకు దిక్కెవలంటది. నాకు గూడ భయమైతుంది అన్నా. సంతకం పెట్టేటప్పుడు లేకుండె, ఇప్పుడు నిద్ర వడ్తలేదు."

తమ్ముడి స్థానంలో తనుంటే ఏం చేసేవాడో బాలరాజ్‌కు తెలియలేదు.

"గీ ముచ్చట ఇంటికాడ్నే చెప్తే అయిపోతుండె గదా," అన్నాడు.

"ఇంటికాడ నోరు రాలే."

బాలరాజ్ లేచి, బోండాలు కొడుతున్న మనిషి దగ్గరికి నడిచాడు. బోండాం నీళ్లు ముట్టుకుంటే అందులోని పొటాషియానికి గుండె ఆగుతుందని మొదటిరోజే నర్సు చెప్పింది. రెండేళ్లుగా ముట్టలేదు. ఒకటి కొట్టించుకుని, గొట్టం పారేసి, కాయ ఎత్తి గటగటా తాగాడు. నీళ్లు గడ్డం మీదుగా ఛాతీ మీదికి కారాయి. సగమయ్యేసరికి హర్షిణి తడి బట్టలతో పరుగెత్తుకొచ్చి, తనకూ కావాలని చేయి చాపింది. ఇచ్చేశాడు.

తిరుగు పడవలో హర్షిణి తల్లి ఒళ్లో నిద్రపోయింది. తమ్ముడు చెప్పిన మాట బాలరాజ్ భార్యకు చెప్పాడు. ఆమె ఆశ్చర్యపోకపోవడం చూసి, "నీకు ముందే ఎరికేనా?" అని అడిగాడు.

"పదిరోజులాయె. సత్యశ్రీ వచ్చి నా కాళ్లు వట్టుకున్నది." ప్రేమలత సముద్రం వైపే చూస్తూ అంది. "నేనేమనాలె?"

రేవు చేరాక పడవ ఊగుతుంటే బాలరాజ్ గట్టు మీదికి అడుగు వేయలేకపోయాడు. ఛాతీ బరువెక్కి ఆయాసం వచ్చింది. ముందే దిగిన శ్రీశైలం వంగి చేయి అందించాడు. బాలరాజ్ ఆ చేతిని కాసేపు చూశాడు. పట్టుకోక తప్పలేదు.

సోమవారం మధ్యాహ్నం డయాలసిస్‌కు పోతే, బరువు మూడు కిలోలు పెరిగిందని టెక్నీషియన్ కోప్పడ్డాడు. ఎక్కువ నీళ్లు లాగాల్సి రావడంతో పిక్కలు పట్టేసి, బాలరాజ్ పళ్లు బిగబట్టి పడుకున్నాడు. వచ్చే నెల నుంచి తన పొద్దుటి డయాలసిస్ వంతు ఖాళీ అవుతుందని బాలరాజ్ పోయిన వారమే ఇక్కడ చెప్పి ఉన్నాడు. ఇస్మాయిల్‌ఖాన్‌పేట నుంచి రెండు బస్సులు మారి వచ్చే నరసరాజు అనే ముసలాయన, తన మధ్యాహ్నం వంతుకు బదులు అది కావాలని పేరు రాయించుకున్నాడు. ఇప్పుడు పక్క మంచం మీదే ఉన్నాడు, ఆపరేషన్ తేదీ ఎప్పుడని అడిగాడు.

"లేదు పెద్దాయనా," అన్నాడు బాలరాజ్. "నేను ఈన్నే ఉంట."

ముసలాయన అటు తిరిగి పడుకున్నాడు.