ఇచ్చింది కాదు, ఇప్పించింది

శౌరయ్యకు లోకంలో ఒకే ఒక్క మాట మీద పట్టింపు. ఎవరైనా ‘మరియమ్మ ఇచ్చింది’ అన్నారా, ఎంత పనిలో ఉన్నా వదిలేసి పరుగెత్తుకొచ్చేవాడు.

“ఇచ్చింది కాదయ్యా, ఇప్పించింది!”

పందొమ్మిది వందల తొంభై ఎనిమిదిలో మాదాపూర్‌లో ఒక అద్దాల మేడ లేస్తుంటే, గుంటూరు నుంచి వచ్చిన శౌరయ్య అక్కడ స్టోర్ కీపరు. సిమెంటు బస్తాల వెనక గోడకు మరియమాత క్యాలెండరు, దాని కింద మేకుల డబ్బా మీద మరియమాత గురించి పోపుగారు రాసిన లేఖ తెలుగులో అచ్చేసిన చిన్న పుస్తకం. దానికి సిమెంటు సంచి కాగితంతో అట్ట వేసుకున్నాడు. ఇటుకలు మోసే ఈరమ్మ ఆ పేరు మొదటిసారి విని, “పోపా? పప్పులేసేదా సార్?” అని అడిగింది. ఆయన దానికేం నొచ్చుకోలేదు. నొచ్చుకోవడమంతా ఆ ఒక్క మాటకే దాచుకున్నాడు మరి.

ఓ రోజు మిక్సర్ నడిపే ఎల్లేశం లడ్డూలు పంచాడు. “మీ మరియమ్మకు మొక్కిన సార్. కొడుకునిచ్చింది!”

“ఇప్పించింది! ఇచ్చేది దేవుడు. ఆవిడ మన తరఫున అడుగుతుంది. పోపుగారు స్పష్టంగా రాశారు.”

“ఎవలిస్తేంది సార్, పోరడైతే వచ్చిండు గద. లడ్డు తినుర్రి.”

లడ్డూ నోట్లో ఉండగానే శౌరయ్య బైబిల్లోని కానా ఊరి పెళ్ళి కథ ఎత్తుకున్నాడు. పెళ్ళి మధ్యలో ద్రాక్షారసం అయిపోయింది. మరియమ్మ తను తయారు చెయ్యలేదు. కొడుకు యేసు దగ్గరికెళ్ళి ‘వాళ్ళకు ద్రాక్షారసం లేదు’ అని ఒక్క ముక్క చెప్పింది. నీళ్ళను ద్రాక్షారసంగా మార్చి మిగతాది ఆయన చూసుకున్నాడు.

“పెండ్లిల కల్లు ఒడిసిందన్నట్టు,” అంది ఈరమ్మ. “పాపం, ఆళ్ళ ఇజ్జత్ కాపాడింది.”

“కాపాడించింది,” అన్నాడు శౌరయ్య.

మేడ పూర్తయ్యే కొద్దీ ఈరమ్మకు దిగులు పట్టుకుంది. పని అయిపోగానే మేస్త్రీ కూలీలందర్నీ బెంగళూరు తీసుకుపోతాడు. బోరబండలో కిరాయి గదిలో చదువుకుంటున్న కూతురు వసంతకు మార్చిలో పదో తరగతి పరీక్షలు. ఈ మేడలోనే ఊడ్చి తుడిచే పని దొరికితే ఉండిపోవచ్చు. కానీ ఆ పనికి మనుషుల్ని పెట్టుకునే రాకేశ్ సార్, చదువు రానివాళ్ళు వద్దనేశాడు.

ఈరమ్మ స్టోర్లో కూలబడి ఏడ్చింది. “మీ మరియమ్మ నాకు పనిస్తదా సార్?”

“ఇప్పిస్తుందమ్మా. ఇప్పిస్తుంది.”

ఈరమ్మకు ఒళ్ళు మండింది. “నా బతుకు ఆగమైతుంటే మీకు మాటల తప్పులు గావాలె!” అని విసురుగా లేచి వెళ్ళిపోయింది.

పది రోజులకు రాకేశ్ సార్ ఈరమ్మను పిలిపించాడు. “రేపటి నుంచి డ్యూటీకి రా. ముందు మీ స్టోర్ ఆయన్ని ఆపు తల్లీ!”

“ఆయనేం జేసిండు సార్?”

“రోజూ తొమ్మిదింటికి నా టేబుల్ ముందు నిలబడి ‘ఈరమ్మకు పని లేదండి’ అంటాడు. వెళ్ళిపోతాడు. ఇంకో ముక్క మాట్లాడడు. టెన్ డేస్! తిన్న టిఫిన్ అరగట్లేదు నాకు.”

ఈరమ్మ గుండె మీది బరువంతా ఒక్కసారి దిగిపోయింది. వసంత పరీక్ష రాస్తుంది! నవ్వుతూ, కళ్ళు తుడుచుకుంటూ స్టోరుకు పరుగెత్తింది.

శౌరయ్య మేకులు తూస్తూ తలెత్తలేదు. “నాకేం తెలీదమ్మా. రాకేశ్ గారు ఇచ్చారు.”

“ఇచ్చిండు కాదు సార్!” ఈరమ్మ గొంతు మూడో అంతస్తుకు వినిపించింది. “మీరు ఇప్పిచ్చిండ్రు!”

శౌరయ్య చెవులు ఎర్రబడ్డాయి. క్యాలెండరు వైపు చెయ్యి చూపించాడు. “నేను ఆవిడను అడిగానంతే. ఇప్పించింది ఆవిడ.”

“అయితే మీరు ఆమెతోని ఇప్పిప్పిచ్చిండ్రు.”

దిద్దడానికి శౌరయ్య నోరు తెరిచాడు. పుస్తకం అందుకుని కాసేపు పేజీలు తిప్పాడు.

“ఆ మాట పోపుగారు ఎక్కడా రాయలేదమ్మా,” అన్నాడు చివరికి. “కానీ తప్పు కూడా కాదులే.”