సుంకప్ప మూడు పార్టీలు, ఒక ట్యాంకరు

కంబదూరు సుంకప్ప మూడు ఎర్రజెండా పార్టీలు మారినవాడు. ఒక కరువు ఏడాది వీధిలోకి నీళ్ల ట్యాంకరు వస్తే, వరసలో బిందెకు బదులు రాయి పెట్టి, సోషలిజం గురించి ఉపన్యాసం అందుకున్నాడు. ఓట్లతో గెలిచి నీళ్లు పంచాలనేది మొదటి పార్టీ. సంఘం కట్టి, సమ్మె చేసి సాధించాలనేది రెండోది. ట్యాంకరునే స్వాధీనం చేసుకోవాలనేది మూడోది. మూడింటి తరఫునా తనే వాదించి, మూడింటినీ తనే ఖండించేసరికి ట్యాంకరు ఖాళీ అయింది. వరసలో అతని రాయి ఒక్కటే మిగిలింది.

"ఇంట్లో చుక్క నీళ్లు లేవు. ఏ పార్టీ తెచ్చి పోస్తాది?" అని అడిగింది భార్య బయమ్మ.

సుంకప్ప బిందె పట్టుకొని ఇంటింటికీ తిరిగాడు. ప్రతి గడపలోనూ అతను నోరు తెరిచేలోపే చెంబెడు నీళ్లు పోసి పంపారు. నిండు బిందె బయమ్మ ముందు దించి, "చూసినావా, సోషలిజమంటే ఇదే" అన్నాడు.

"నువ్వు నోరు తెరిస్తే పొద్దుమునిగేదాకా మూయవని పోసినారులే" అంది బయమ్మ.