వెండి బుడిపెలో మా నాయన

మా నాయనకు గుడియాత్తం బజారులో ఫోటో స్టూడియో ఉండేది. ఊళ్లో ఎవరు పోయినా ముందు పాడె కట్టేవాళ్ల దగ్గరికి, ఆ తర్వాత మా దగ్గరికి వచ్చేవాళ్లు. మా పక్క చావుకు పోస్టరు వేయాలి. మధ్యలో పోయిన మనిషి ముఖం, కింద కన్నీటి అంజలి, పై మూలల్లో పార్టీ నాయకుల బొమ్మలు. ఏ పెళ్లిలోనో తీసిన పాత గుంపు ఫోటోలోంచి ముఖం ఒక్కటే పెద్దది చేసి నాయన ఇచ్చేవాడు. ఊరి గోడలన్నీ అలా నింపిన మనిషి పోయిన రోజున, పోస్టరుకు ఆయన ఫోటో దొరకలేదు. దీపం కిందే చీకటి అంటారు కదా, అదీ మా సంగతి.

ఆయనది పార్టీ వేదిక మీద జరిగిన పెళ్లి. పురోహితుడు లేడు, మంత్రం లేదు, నాయకుడి ఉపన్యాసం, దండలు మార్చుకోవడం, అంతే. ఆ రోజు ఫోటో తీసినవాడి కన్నంతా మైకు ముందున్న నాయకుడి మీదే ఉంది. పక్కన అమ్మ మెళ్లో దండ, నాయన భుజం మాత్రం పడ్డాయి. ఆ తర్వాత ఎవరు పిలిచినా “నేనొచ్చి నిలబడితే మీట ఎవురు నొక్కేది?” అని కెమెరా వెనకే ఉండిపోయాడు.

పార్టీవాళ్లు చేసేది లేక ఆయన కెమెరా బొమ్మ వేసి పోస్టరు అంటించారు. కెమెరా చెడిపోయిందనుకుని ఒకాయన పరదరామి నుంచి రిపేరు చేసే మనిషిని వెంటబెట్టుకుని వచ్చాడు. నాకు నవ్వొచ్చింది, వెంటనే ఆయన్ని కొట్టాలనిపించింది.

కర్మలయ్యాక అమ్మ నన్ను కూర్చోబెట్టుకుంది.

“ఒక పటం కావాలమ్మా. ఆయన మొకం ఇప్పుడు కండ్ల ముందరే ఉండాది. పోగా పోగా మరిచిపోతానేమో. అది తలుచుకుంటే బయమైతా ఉంది.”

నాకూ అదే భయం. అమ్మతో చెప్పలేదు గానీ, నాయన మీసం ఎడమవైపు కాస్త ఎత్తుగా ఉండేదా, కుడివైపా అని అప్పటికే నాకు అనుమానం వస్తోంది.

నాయనకు అసలు పేరొచ్చింది నగల ఫోటోల్లో. వేలూరు నగల కొట్లవాళ్లు క్యాలెండర్ల కోసం ముక్కుపుడకలు, ఉంగరాలు పంపేవాళ్లు. కెమెరాకూ లెన్సుకూ మధ్య మడతల తిత్తి ఒకటి బిగించి, మినపగింజంత పుడకను అరచేతంత చేసి చూపేవాడు. కష్టం అందులో లేదు. మెరుగుపెట్టిన లోహం సిగ్గులేనిది, ఎదురుగా ఏముంటే అది చూపించేస్తుంది. కిటికీ, దీపం, కెమెరా, తీసేవాడి ముక్కు. అందుకని మగ్గం మీద నుంచి అప్పుడే దిగిన తెల్ల పంచెతో నగ చుట్టూ గుడారం కట్టి, దీపాలన్నీ బయట పెట్టేవాడు.

“దీపం పుడక మింద పడకూడదమ్మా, గుడ్డ మింద పడాల. ఆ గుడ్డను పుడక చూడాల,” అని నాకు నేర్పాడు.

లెన్సు కోసం పంచెకు చేసిన రంధ్రం మాత్రం పుడకలో నల్లచుక్కగా కనబడుతుంది. పుడకను వెంట్రుకవాసి తిప్పి ఆ చుక్కను కూడా రాయి అంచున దాచేవాడు. మనిషి జాడ కనబడిందంటే పని చెడినట్టేనని ఆయన లెక్క.

స్టూడియోలో ఉన్న నెగటివులన్నీ నేను భూతద్దంతో వెతికాను. ఏ గాజులోనో, ఏ కుంకుమభరిణె మూతలోనో ఒక చిన్న ముఖం ఉండకపోతుందా అని. ఎక్కడా లేదు. ప్రతి నగలోనూ తెల్లటి ఖాళీ. నేను చూడ్డానికి ముందే ఆయన లేచి వెళ్లిపోయినట్టు ఉండేది. కట్టి వదిలేసిన పంచె గుడారం గాలికి కదిలితే వెనక ఆయన ఉన్నాడని లేచి చూసేదాన్ని. “ఇంత పనిమంతుడివి ఎందుకయ్యావు నాయనా” అని ఆ ఖాళీ గదిలో పైకే తిట్టాను.

చివరికి తప్పుల పెట్టె గుర్తొచ్చింది. అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ అట్టపెట్టె అది. చెడిపోయిన నెగటివులు నాకు చూపి పని నేర్పడానికి అందులో దాచేవాడు. అడుగున ఒక కత్తి పిడి నెగటివు దొరికింది. ఎవరో పెద్ద నాయకుడు ఊరికి వస్తున్నాడని పార్టీవాళ్లు వెండి కత్తి చేయించారు. పిడి చివరి బుడిపెను దగ్గరగా తీయమని పట్టుకొచ్చి, కారు వచ్చేస్తోందని గుడారం కూడా కట్టనివ్వకుండా తొందరపెట్టారు. నున్నటి గుండ్రటి వెండి, ఎదురుగా ఉన్న గదినంతా మింగేసింది.

ఆ బుడిపె ఒక్కదాన్నే పెద్దది చేశాను. మందునీళ్ల ట్రేలో కాగితం మీద ముందు అంచు పట్టీల కరై పంచెలు కట్టిన పార్టీ మనుషులు తేలారు, తర్వాత స్టాండు మీద కెమెరా, దాని పక్కన మీట తీగ పట్టుకున్న నాయన. ట్రే మీదికి వంగాను. అంతా తేలాక చూస్తే ఆయన వెనక్కి తిరిగి ఉన్నాడు. కనబడేది తల వెనక భాగం, ఒక చెవి. తిరుగుతూ తిరుగుతూ మీట నొక్కేశాడు. నాకు ఏడుపు కంటే కోపం ముందొచ్చింది.

తడి ఆరకముందే తీసుకుపోయి అమ్మ ముందు పడేశాను. అమ్మ దాన్ని వెలుతురుకు పట్టుకుని చాలాసేపు చూసింది. గది వెనక, గడపలో ఉన్న చీర మనిషిని వేలితో ముట్టుకుంది.

“ఇది నేనే. కాపీ గ్లాసు తెచ్చి పిలిచినాను. తిరిగినాడు.”

“మొకం యాడుండాదమ్మా దీంట్లో?” అని అరిచాను.

“నా పక్కకు తిరిగి ఉండాది,” అంది అమ్మ.

ఆ పటమే గోడకు పెట్టించింది. చూసినవాళ్లు అమ్మకు మతి చలించిందనుకున్నారు. ఆమె మాత్రం రోజూ దాని ముందు నిలబడి, ఎవరో తనను చూస్తున్నట్టు కొంగు సర్దుకునేది. ఆయన ముఖం మరిచిపోతానేమో అన్న మాట మళ్లీ ఎత్తలేదు.

ఇప్పుడు అమ్మ కూడా లేదు. ఆ ముఖం చూసిన కళ్లు పోయాయి. మీసం ఏ వైపు ఎత్తో అడగడానికి నాకెవరూ మిగల్లేదు. నేనూ నగలకే ఫోటోలు తీస్తున్నాను. పుడకలో నల్లచుక్క పడితే వెంటనే దాచను. మీట నొక్కే ముందు ఒకసారి వెనక్కి తిరిగి గడప వైపు చూస్తాను.